దీమం కాకి

పల్లికాయ విత్తడం మొదలైన మూడో నాటికి బుచ్చిరాములు పటేల్ చేను చేనులా లేదు, కాకుల సంతలా ఉంది. నాగలి సాలు వెంట విత్తు వేస్తూ ఆడవాళ్లు ముందుకు పోతుంటే, విత్తు తీస్తూ కాకులు వెనక నడిచాయి. వేసే చేతులు ఆరు, తీసే ముక్కులు అరవై. వాటిమీద పావురాలొకటి. కాకి తవ్వి వదిలిన గింజను పావురం ఏరుకునేది. పావు వంతు పావురాల పాలైతే ముప్పావు కాకుల పాలైంది. పటేల్ పాలికి మట్టి మిగిలింది.

కావలి మనిషి వడిసెల తిప్పాడు. రాయి ఎంత దూరం పడుతుందో మనిషికన్నా కాకులకే బాగా తెలుసు. అంతకు రెండడుగుల అవతల కూర్చుని తవ్వుకున్నాయి.

చొప్పదండికి రెండు కోసుల దూరంలో ఉన్న ఊరది. రాష్ట్రం పేరు మారింది, అణాలు పోయి నయాపైసలు వచ్చాయి, బుచ్చిరాములు మాత్రం అప్పుడూ పటేలే, ఇప్పుడూ పటేలే. ఆ ఊళ్లో ఖాకీ బట్టల అమీనుకన్నా పటేల్ తెల్ల ధోవతికే జనం ఎక్కువ జడిసేవాళ్లు. జడవనివి కాకులే.

"కుంట కట్ట కింద పిట్టలోళ్లు దిగిన్రు పటేలా," అన్నాడు అంతయ్య. అతను ఊరి సుంకరి. పటేల్ మాటను ఇంటింటికీ మోయడం అతని పని. మోస్తూ మోస్తూ ఆ మాటకు కొంత బరువు తను కూడా చేర్చేవాడు.

"ఆళ్లను లేవగొట్టుమన్న గద?"

"చెప్పిన. బిడ్డకు నెలలు నిండినయట. కదిలితే తొవ్వలనే పురుడైతదని ఆ ముసల్ది మొత్తుకుంటుంది."

పటేల్ చేనివైపు చూశాడు. కాకులు పటేల్ వైపు చూశాయి.

"ఆ పిట్టలోన్ని పిలువు," అన్నాడు.

మొండయ్య వచ్చి దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డాడు. పేరుకే మొండి, మనిషి నూలుపోగు. వాంకిడి దిక్కు నుంచి ఏటా చలికాలంలో దిగి వస్తాడు. రెండు గాడిదలు, ఒక వల, నాలుగు బుట్టలు, పెళ్లాం సక్కుబాయి, బిడ్డ గంగుబాయి. అల్లుడు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనికని పోయాడు, ఇంకా రాలేదు. వల చేతిలో ఉన్నవాడికి వలస తప్పదు. అయితే ఈసారి వలసకు గంగుబాయి కడుపు అడ్డం నిలబడింది.

"అమాస లోపల నా చేన్ల కాకి కనవడొద్దు," అన్నాడు పటేల్. "కనవడకపోతే నీ బిడ్డ పురుడయ్యేదాక గుడిసె ఆడనే ఉంటది. కనవడ్డదా, గుడిసె కనవడది."

"పావురాలు నేను తీస్కపోత పటేలా. కాకులు నాకేం పనికి రావు."

"నాకు పనికొస్తయని పిలిపిచ్చిన్నా?"

మొండయ్య తల ఊపాడు. అతనికి కాకిని పట్టడం తెలుసు, కాకా పట్టడం తెలియదు. తెలిస్తే గుడిసె మాటను పటేల్ చేత నలుగురి ముందు ఇంకోసారి అనిపించేవాడు.

మర్నాడు మంచు విడవకముందే మొండయ్య చేలో మడిమంత జాగా చదును చేసి వల పరిచాడు. వలకు రెండు రెక్కలు. నడుమ నూకలు చల్లి, నూకల మధ్య ఒక వెదురుబద్ద పాతి, దాని కొసకు తన పావురాన్ని మెత్తటి నూలుతాడుతో కట్టాడు. పిట్టలు పట్టేవాళ్లు ఇలాంటి మచ్చిక పిట్టను దీమం అంటారు. దీమం ఉన్నవాడికే ధీమా. బద్ద తాడు ఒకటి, వల తాడు ఒకటి, రెండు కొసలూ పట్టుకుని మొండయ్య బావి ఒడ్డున తుమ్మకొమ్మల చాటున బోర్లా పడుకున్నాడు. బద్ద తాడు సన్నగా లాగితే బద్ద లేస్తుంది, పావురం రెక్కలు కొట్టి మళ్లీ నేలకు దిగుతుంది. పైన పోయే గుంపుకు తమ మనిషెవరో మేత మీద దిగినట్టే కనిపిస్తుంది.

"నూకలకు పిట్ట దిగది," అన్నాడు మొండయ్య పక్కన కూర్చున్న అంతయ్యతో. "ఎన్ని చల్లినా దిగది. ఒకటి తింటుంటే చూసి ఇంకోటి దిగుతది. తినేటిది లేకుంటె అనుమానం."

"మనుషులు గూడ గంతే. పెండ్లిల ముందుగాల ఎవ్వడు కూసోడు."

"ఊకో. వస్తున్నయ్."

పన్నెండు పావురాలు ఒక చుట్టు తిరిగి, ఇంకో చుట్టు తిరిగి, దిగాయి. మొండయ్య లాగలేదు. వెనకవి కూడా తల వంచి తినేదాకా ఆగాడు. అప్పుడు మోకాలి మీద లేచి వల తాడు ఒక్క గుంజు గుంజాడు. వల రెండు రెక్కలూ పుస్తకం మూసినట్టు మూసుకున్నాయి.

కాకులు మాత్రం ఈ తంతంతా మోట గిరక మీద కూర్చుని చూశాయి. కాకి పావురం కాదు, చూసి నేర్చుకుంటుంది. అందుకని మొండయ్య చోటు మార్చి, వల మీద మట్టి పొడి చల్లి, గొర్రె పేగు ముక్క ఒకటి పడేసి మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. చివరికి నాలుగు పడ్డాయి. మూడింటి మెడలు విరిచాడు. నాలుగోదాన్ని పట్టుకోబోతుండగా వెనక నుంచి ఒక దగ్గు, దగ్గు వెనక ఒక మాట వచ్చాయి.

"గది మా ముసలోడు. దాన్ని ముడితే నీ చెయ్యి ఇరుస్త."

లస్మవ్వ. పటేల్ తల్లి. నడుం వంగి, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో అన్నం పెట్టి మూత వేసిన కంచు తలె. పొద్దున ఇంటి వెనక తను అన్నం తినే వేళకు కాకి రాకపోతే, తలె పట్టుకుని చేనుదాకా నడిచి వచ్చింది.

మొండయ్య కాకిని చూశాడు. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు.

"పటేల్ అన్నిట్ని కొట్టుమన్నడు అవ్వా."

"వాడు పటేలు. నేను పటేలు అవ్వను. ఎవరు పెద్ద?"

మొండయ్య చేతిలో కాకి, నెత్తిన పటేలు, ఎదురుగా అవ్వ. కాసేపు ఆలోచించి కాకి మంచి కాలికి తాడు కట్టాడు. "దీన్ని దీమం జేస్త. అరుస్తుంటే కడమయి వస్తయ్. పటేల్ అడిగితే పని సామాననుకుంటడు."

"అరుపా? తిండి ఆలిశమైతే మా ముసలాయన గూడ గంతే అరిచేది. అరవనియ్," అని లస్మవ్వ గట్టు మీద కూర్చుంది.

ఆమె తినే తీరు మొండయ్య చూశాడు. చూడటమే అతని వృత్తి. ముందు తను ఒక ముద్ద తింది. నిమ్మళంగా నమిలింది. తర్వాత వేలి ఉంగరంతో తలె అంచును టక్, టక్ అని రెండుసార్లు కొట్టింది. అప్పటిదాకా తాడు పీక్కుంటున్న కాకి ఆగి, కుంటుతూ వచ్చి, ఆమె మోకాలి దగ్గర పెట్టిన రెండో ముద్ద తింది.

"కొట్టకపోతే?"

"ముట్టది. ముందుగాల నేను తినకపోయినా ముట్టది. మా ముసలాయనకు మాట వినవడకపోయేది, తలె చప్పుడు మాత్రం ఊరవతలున్నా వినవడేది. ఆయన పోయిన యాడాదికి గిది వచ్చింది. గట్లనే కుంటుతది, గట్లనే ముక్కు ఎగరేస్తది. ఇగ ఏమనుకోవాలె?"

"ఇంట్ల ఎవ్వరు గూసోరా అవ్వా తినేటప్పుడు?"

"నా కొడుకు ఊరందరి పంచాదికి గూసుంటడు. తిండికాడ ఎట్ల గూసుంటడు?" అని నవ్వబోయి దగ్గింది.

అలా నాలుగు రోజులు గడిచాయి. పొద్దున పావురాలు, పగలు కాకులు. చచ్చిన కాకుల్ని మొండయ్య కర్రలకు కాళ్లు పైకి కట్టి చేను నాలుగు మూలలా వేలాడదీశాడు. బతికినవి చుట్టూ తిరిగి, గంటసేపు ఊరు ఎగిరిపోయేలా గోల చేసి, ఒక్కొక్క గుంపే వాగు అవతలికి వెళ్లిపోయాయి. మధ్యాహ్నం లస్మవ్వ వచ్చేది. ఆమె ముద్ద, రెండు చప్పుళ్లు, కాకి ముద్ద. ఒకనాడు గంగుబాయికని వెల్లుల్లి కారం ముద్ద ఆకులో చుట్టి తెచ్చింది.

"కాన్పు కాంగనే కదలకుండ్రి. ఇరవయ్యొక్క రోజులు ఉండుండ్రి," అంది.

"పటేల్ పురుడయ్యేదాకనే అన్నడు."

"నేను చెప్త వానికి."

అయిదో రోజు పటేల్ చేను చుట్టూ తిరిగాడు. పల్లికాయ మొలక పచ్చగా, మట్టి పగలదీసుకుని లేస్తోంది. చెట్టు మీద కాకి లేదు, గిరక మీద కాకి లేదు, ఊళ్లో పెంట మీద కూడా లేదు. ఆ ఊరి ఏకైక కాకి మొండయ్య బుట్టలో ఏకాకిగా ఉంది.

"ఆవలెల్లుండి మాపటికల్ల గుడిసె ఎత్తుండ్రి," అన్నాడు పటేల్.

మొండయ్య వల చుడుతున్న చేయి ఆపాడు. "బిడ్డ పురుడయ్యేదాక అన్నరు గద పటేలా."

"అన్న. కాకులున్నప్పుడన్న. ఇప్పుడేవి?"

"గందుకే గదా..."

"మొలక వచ్చింది. నీ గాడిదలు చేన్ల పడ్తె ఎవడు జవాబు? మొదలు కాకులు తిన్నయ్, ఇప్పుడు గాడిదలు తినాల్నా?"

గట్టు మీద తలె కడుక్కుంటున్న లస్మవ్వ విన్నది. కొడుకు వెళ్లాక, "నలుగురి నడుమ చెప్తే వాడు ఇనడు. పొద్దుగాల చాయ్ తాగేటప్పుడు ఇంటడు. రేపు చెప్త. ఫికర్ జెయ్యకు," అని కర్ర ఊని లేచింది.

మర్నాడు పొద్దున కోడలు కొమురవ్వ చాయ్ తీసుకుని పోయేసరికి లస్మవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కొమురవ్వ రెండుసార్లు పిలిచి, మూడోసారి గ్లాసు కింద పెట్టి ముట్టుకుంది.

ఆ సాయంత్రమే పల్లికాయ చేను పక్కన, బావి గడ్డ మీద దహనం చేశారు. తన చేలోనే కాల్చాలని ఆమె ఎప్పుడో చెప్పి పెట్టుకుంది. మొండయ్య కుంట కట్ట మీద నిలబడి పొగను చూశాడు. చెప్తనన్న మాట చెప్పిందో లేదో అడగడానికి మనిషి లేదు.

మూడో రోజు మధ్యాహ్నం సక్కుబాయి కుండలు గడ్డిలో చుట్టి గాడిద మీదికి ఎత్తుతోంది. గంగుబాయి గుడిసె గుంజ పట్టుకుని కూర్చుంది. నిన్నటి నుంచి నడుం పట్టేసింది.

"బండి మీదన్న పోదాం," అంది సక్కుబాయి.

"బండెవడిస్తడు?"

"గాడిద మీద కూసోవెట్టుకుని కరీంనగర్ దాక పోతే తొవ్వలనే కంటది. నక్కో, వద్దు. నేను కదల."

అప్పుడే కట్ట దిగి అంతయ్య పరుగెత్తుకొచ్చాడు. గుంజలు పీకడానికి వచ్చాడనుకుని సక్కుబాయి చేతిలోకి పొయ్యిరాయి తీసుకుంది.

"రాయి పడెయ్ తల్లీ. నీ మొగని బుట్టల కాకి ఉన్నదా, సచ్చిందా?" అన్నాడు అంతయ్య రొప్పుతూ.

సంగతి ఇది. మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. కాకి ముట్టేదాకా మనిషి ముట్టరాదు. పటేల్ ఇంటి పిట్టకు పెట్టుడంటే ఊరందరికీ భోజనం. పొద్దున్నే గుండిగలు దిగాయి. పొద్దు నడినెత్తికి వచ్చింది. విస్తరి విస్తరిలాగే ఉంది.

"తెల్లారంగనే కర్రలకున్న సచ్చిన కాకుల్ని నేనే విప్పి పారేసిన," అన్నాడు అంతయ్య. "అయినా ఒక్కటి రాలే. వాగు అవతల అరుస్తున్నయ్, ఇవతలికి రావు. నువ్వు గంత మంచిగ ఎందుకు కొట్టినవ్ రా?"

సక్కుబాయి మొగుడి రెక్క పట్టుకుంది. "ఇయ్యకు. పావురాన్ని డేగ ఎత్తుకపాయె, కాకి గూడ పోతే నీకు దీమం ఏది? ఎల్లగొట్టినోల్లకు ఎదురువోయి ఇస్తవా?"

మొండయ్య బుట్ట ఎత్తుకున్నాడు. "వానికి కాదు. ఆమెకు," అన్నాడు.

బావి గడ్డ దగ్గర ఊరంతా నిలబడి ఉంది. నీడ కోసం కొందరు, ఆకలితో కొందరు, రెండింటికీ చోటు లేక కొందరు. పటేల్ తడిబట్టతో, గుండు తలతో విస్తరికి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. గుండయ్యాక అతని చెవులు పెద్దవిగా కనబడ్డాయి.

"తాడుతోని కట్టిన కాకి ముడితే చెల్లుతదా?" ఎవరో అడిగారు.

కులపెద్ద రాయమల్లు గడ్డం గోక్కున్నాడు. "చెల్లది. దానంతటది రావాలె. ఇప్పు."

మొండయ్య తాడు ముడి మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. రేపటి నుంచి వట్టి వల. ముడి విప్పాడు. కాకి బుట్ట అంచు మీద నిలబడి, రెక్క విదిల్చి, ఎగిరి మోట గిరక మీద వాలింది. విస్తరి చూసింది. అన్నం, కోడికూర, కల్లు, చుట్ట. చూసి, ముక్కు గిరకకు రుద్దుకుని ఊరుకుంది.

జమ్మికుంట నుంచి వచ్చిన పటేల్ చెల్లెలు నర్మద ముందుకు వచ్చింది. "అవ్వా, నీ మెడల బంగారు గుండ్లు నీ మనుమరాలికే పెడ్త. ముట్టు అవ్వా."

కాకి కదల్లేదు.

"నీ పేరు మీద ఇక్కడ చలివేంద్రం పెట్టిస్త," అన్నాడు పటేల్.

కాకి అటు తిరిగి కూర్చుంది. వెనక నుంచి ఎవరో, "చలికాలంల చలివేంద్రమా," అని గొణిగారు. రాయమల్లు వాళ్లవైపు ఉరిమి చూశాడు.

కొమురవ్వ పట్టుచీర అంది. నర్మద కాశీ అంది. పటేల్ గంగిగోవును దానమిస్తానన్నాడు. అనేకొద్దీ దానాలు పెరిగాయి, కాకి మాత్రం దిగలేదు. పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. పటేల్ అటూ ఇటూ చూసి, చివరికి బుట్ట పక్కన నిలబడ్డ మనిషిని చూశాడు.

"నీ కాడికి వచ్చేటిది గద," అన్నాడు. గొంతు చిన్నదైంది. "నీతోని ఏమన్న అన్నదా, మొండయ్యా?"

ఇన్నాళ్లూ 'పిట్టలోడా' అన్న నోట పేరు రావడం మొండయ్య గమనించాడు.

"అన్నది పటేలా. గంగుబాయి కాన్పయి ఇరవయ్యొక్క రోజులు ఉండుమన్నది. నేను చెప్త, చాయ్ తాగేటప్పుడు వాడు ఇంటడు, అన్నది."

ఇది నిజమో కాదో తేల్చే సాక్షి గిరక మీద కూర్చుని ఉంది. పటేల్ మెడ ఎత్తి కాకివైపు చూశాడు. ఊరంతా పటేల్ వైపు చూసింది. చాయ్ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప తెలియదు.

"సరే అవ్వా," అన్నాడు పటేల్. "ఆళ్ల గుడిసె ఆడనే ఉంటది. ఇరవయ్యొక్క రోజులు."

కాకి దిగలేదు.

"మల్ల ఏందిరా?" అన్నాడు పటేల్. పేరు మళ్లీ పోయింది. "చెప్పిన గద?"

గుడిసె మాట పటేల్ నోట వచ్చేదాకా మొండయ్య ఆగాడు. ఇప్పుడు ఆగాల్సిన పని లేదు. "మాటతోని దిగది పటేలా. ఒకరు తినేది చూస్తెనే దిగుతది. అవ్వ ముందుగాల తను ఒక ముద్ద తినేది. తిని, తలె రెండుసార్లు కొట్టేది. గప్పుడు వస్తది."

"కాకి ముట్టంది మనిషి ముట్టొద్దు," అన్నాడు రాయమల్లు.

"మనిషి ముట్టంది కాకి ముట్టది," అన్నాడు మొండయ్య.

రాయమల్లు చుట్టూ చూశాడు. పెద్దలు నలుగురూ గుండిగల వైపు చూస్తున్నారు. "అవ్వ పద్ధతి గదైతే, ఇయ్యాల అవ్వ పద్ధతే నడువనియ్," అన్నాడు.

కొమురవ్వ ఇంటికి మనిషిని పంపి కంచు తలె తెప్పించింది. పటేల్ గట్టు మీద కూర్చున్నాడు. తల్లి ఎప్పుడూ కూర్చునే గట్టు అది అని అతనికి తెలియదు, మొండయ్య చూపించాడు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఉంగరంతో తలె అంచును కొట్టాడు, ఊళ్లో దండోరా వేసినట్టు.

"మెల్లగ," అన్నాడు మొండయ్య.

టక్. టక్.

కాకి మెడ ఇటు తిప్పింది. గిరక దిగింది. మట్టిగడ్డల మీద కుంటుతూ కుంటుతూ వచ్చి, విస్తరి పక్క నుంచి దాన్ని దాటిపోయి, పటేల్ మోకాలి దగ్గర ఆగింది. పటేల్ తలెలోంచి ముద్ద తీసి కింద పెట్టాడు. కాకి తింది.

"ముట్టింది," అన్నాడు రాయమల్లు. జనం గుండిగల వైపు నడిచారు. పటేల్ లేవలేదు. కాకి రెండో ముద్ద కోసం ముక్కు ఎగరేస్తే, ముందు తను ఒకటి తిన్నాడు.

ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, నాలుగో నాడు పగటిపూట గంగుబాయికి ఆడపిల్ల పుట్టింది. గుడిసె ఉన్నచోటే ఉంది. కొమురవ్వ ఒక గడ్డిమోపు, కుండెడు నూకలు పంపింది. అవి పిట్టలకా, బాలింతకా అని మొండయ్య అడిగితే, ఎవరు ముందు తింటే వాళ్లకే అంది తెచ్చిన అంతయ్య పెళ్లాం.

పదో రోజు అంతయ్య చేను గట్టు మీద పటేల్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాగు అవతలి నుంచి కాకులు ఒక్కటొక్కటే తిరిగి వస్తున్నాయి. కుంటి ముసలోడు గట్టు మీద తింటుంటే చూసి, రెండు గిరక మీద, మూడు తుమ్మ మీద, ఒకటి ఏకంగా మొలకల్లో వాలాయి.

"మొండయ్యను పిలువాల్నా పటేలా?"

పటేల్ ఒడిలో కంచు తలె ఉంది. మొలకల్లో తవ్వుతున్న కాకిని చూశాడు. నోట్లో ముద్ద ఉంది. చెయ్యి అడ్డంగా ఊపాడు.

కుంట కట్ట మీద మొండయ్య కొత్త దీమం కోసం ఒక గువ్వపిల్ల కాలికి నూలు చుడుతూ అటే చూస్తున్నాడు. ఒకటి తింటుంటే ఇంకోటి దిగడం అతను కొన్ని వేలసార్లు చూశాడు. మొలకల్లోని కాకి గట్టువైపు రెండడుగులు వేసి ఆగింది. పటేల్ నమిలి మింగి, తలె అంచును రెండుసార్లు కొట్టి, కాస్త పక్కకు జరిగి దానికి చోటిచ్చాడు. మొండయ్య చేయి అలవాటుగా వల తాడు కోసం మోకాలి పక్కన వెతికింది. తాడు లేదు.